బాగా ఆడేవాడికీ అందరికంటే బాగా ఆడేవాడికీ మధ్య దూరమెంత?

"ఏ పనిలోనైనా బాగా చేసేవాడికీ, అందరికంటే బాగా చేసేవాడికీ తేడా ఎక్కడ వస్తుంది? ఇంకాస్త కష్టపడితే సరిపోతుందా?" అని ఒకరు అడిగారు.

సరిపోదు. మిగతా రంగాల సంగతి నాకు తెలియదు, చదరంగం గురించి చెబుతాను. అక్కడ ఈ తేడా అంకెల్లో కనిపిస్తుంది. "మావాడు ఎవరికీ తీసిపోడండీ" లాంటి మాటలు అక్కడ చెల్లవు.

మాది గుంటూరు. వారమంతా బ్యాంకు ఉద్యోగం, శని ఆదివారాలు పిల్లలకు చెస్ క్లాసులు. నా ఫిడే రేటింగు, అంటే ఆటగాడి బలాన్ని కొలుస్తూ ప్రపంచ చెస్ సమాఖ్య ఇచ్చే అంకె, 1900 పైన ఉంది. అందులో 60 పాయింట్లు నేను సంపాదించినవి కావు లెండి. 2024 మార్చిలో ఫిడే వాళ్లు 2000 లోపు ఉన్నవాళ్లందరి రేటింగులూ ఒకేసారి పెంచారు. 1850తో పడుకుని 1910తో లేచాను. ఏదైతేనేం, మా అపార్ట్‌మెంటులో నాతో ఆడటానికి ఎవరూ రారు. పండగలకి చుట్టాలు వస్తే "మన చెస్ మాస్టారు" అని పరిచయం చేస్తారు.

ఇప్పుడు లెక్క చూడండి. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే, పైవాడు వంద ఆటలకు 76 పాయింట్లు తెచ్చుకుంటాడు (గెలుపుకి ఒకటి, డ్రాకి అర). 400 తేడా అయితే 91. అంటే 1500 రేటింగున్న కుర్రాణ్ణి నేను ఎంత సులువుగా ఓడిస్తానో, 2300 వాడు నన్ను అంత సులువుగానూ ఓడిస్తాడు. ఆ 2300 వాడికి 2700 వాడి దగ్గర అదే గతి. పోనీ అక్కడితో అయిపోయిందా? మా గుంటూరు హరికృష్ణ 2016లో 2770 దాకా వెళ్లి ప్రపంచంలో మొదటి పది మందిలో నిలబడ్డాడు. నార్వే ఆటగాడు, మాజీ ప్రపంచ ఛాంపియన్ కార్ల్‌సన్ 2014లో అందుకున్నది 2882. ఆ రెండు అంకెలూ ఎదురుపడితే, లెక్క ప్రకారం పది ఆటల్లో ఒకరికి ఆరున్నర, ఇంకొకరికి మూడున్నర వస్తాయి. భూమ్మీద పదో స్థానంలో ఉన్న మనిషికే ఇంత తేడా! కింద నుంచి చూసేవాళ్లకి మాత్రం అందరూ గ్రాండ్‌మాస్టర్లే. దూరపు కొండలు నునుపు.

అంకెలు పక్కన పెట్టి, ఒక ఆట గురించి చెబుతాను. ఒక ఓపెన్ టోర్నమెంటులో నాకు 2300 దగ్గర ఉన్న ఇంజనీరింగు కుర్రాడు తగిలాడు. ఆడించింది ఒక కల్యాణ మండపంలో. ముందురోజు పెళ్లి తాలూకు బంతిపూలు ఇంకా స్తంభాలకే ఉన్నాయి. ఫ్యాన్లు సగం తిరగవు. ఎంట్రీ ఫీజు వసూలు చేసేటప్పుడు ఉండే శ్రద్ధ బాత్రూముల మీద ఎందుకు ఉండదో ఈ నిర్వాహకులు చెప్పాలి. సరే, ఆటకు వస్తాను. నేను బ్రహ్మాండంగా ఆడాను. ముప్పై ఎత్తులయ్యేసరికి బోర్డు మీద చెరొక ఏనుగు, చెరి నాలుగు బంట్లు మిగిలాయి. అంతా సమానం. డ్రా అన్నాను. కుర్రాడు తల అడ్డంగా ఊపాడు.

అక్కడి నుంచి వాడు ఏమీ చేయలేదు. నిజంగానే ఏమీ చేయలేదు! రాజును ఒక గడి ముందుకు జరుపుతాడు, మళ్లీ వెనక్కి తెస్తాడు. ఏనుగును ఇటు పెడతాడు, అటు పెడతాడు. లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వస్తాడు. గంట గడిచింది. నాకేమో ఆకలి, పైగా మర్నాడు డ్యూటీ. వీడేం సాధిద్దామనుకుంటున్నాడు అని లోపల విసుగు. ఆ విసుగులో ఒక బంటును ముందుకు తోశాను. కాసేపయ్యాక ఇంకోటి. అప్పుడు వాడి రాజు వెనక్కి వెళ్లడం మానేసింది. ఇంకో గంటకి నేను షేక్‌హ్యాండ్ ఇచ్చి లేచాను.

ఇంటికొచ్చి ఆ ఆటను ఇంజిన్‌కి, అంటే ఎత్తుల్ని లెక్కగట్టే కంప్యూటరు ప్రోగ్రాముకి, పెట్టాను. నేను తోసిన మొదటి బంటు దగ్గర సున్నా. రెండో బంటు దగ్గరా సున్నా. అంటే కంప్యూటరు దృష్టిలో అప్పటికీ డ్రానే, నా తప్పు ఏమీ లేదు! ఆట పోయింది మాత్రం చిట్టచివర, అన్ని ఎత్తుల్లో ఒక్కటే బతికించే చోట. గడియారంలో నిమిషం మిగిలిన మనిషికి ఆ ఎత్తు ఎక్కడ దొరుకుతుంది?

అంతకుముందే, ఆట అయ్యాక హాలు బయట టీ తాగుతూ ఆ కుర్రాణ్ణే అడిగాను, ఏం చూసి డ్రా వద్దన్నావు నాయనా అని. "ఏం చూడలేదు అంకుల్. ఓడిపోయే భయం లేదు కదా, ఆడదాం అనుకున్నాను. మొన్న నన్ను ఒక గ్రాండ్‌మాస్టర్ ఇలాగే ఐదు గంటలు కూర్చోబెట్టాడు" అన్నాడు. ఓడించాడా అంటే నవ్వి ఊరుకున్నాడు.

నా ఉద్దేశంలో తేడా అక్కడే ఉంది. బాగా ఆడేవాడు తప్పులు చేయడం తగ్గించుకుంటాడు. అందరికంటే బాగా ఆడేవాడు ఏమీ లేని చోట కూర్చుని ఎదుటివాడి చేత తప్పు చేయిస్తాడు. మొదటిది ఎవరికైనా నేర్పగలను, నేర్పుతున్నాను కూడా. రెండోది నేర్పినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

నమ్మకపోతే 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కోసం చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌తో మన గుకేశ్ ఆడిన పద్నాలుగో ఆట, అంటే చివరి ఆట, చూడండి. స్కోరు ఆరున్నర, ఆరున్నర. గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువే గానీ, బంట్లన్నీ ఒకే పక్కన ఉన్నాయి. డ్రా అని అందరూ తేల్చేశారు. నేనైతే టీవీ కట్టేసేవాణ్ణి. గుకేశ్ మాత్రం తోస్తూనే ఉన్నాడు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును పెట్టకూడని చోట పెట్టాడు. ఏనుగులు, శకట్లు మార్పిడైపోయి బంట్ల ఆట మిగిలింది, పద్దెనిమిదేళ్ల కుర్రాడు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. డింగ్ నాలాంటివాడు కాదు, అప్పటిదాకా ఛాంపియన్! ఆ గుకేశ్‌ను సిద్ధం చేసిన బృందంలో మన హరికృష్ణ కూడా ఉన్నాడు. ఈ మాట మా గుంటూరులోనే చాలామందికి తెలియదు, అది నాకు పెద్ద బాధ.

మన కోనేరు హంపి సంగతీ ఇలాంటిదే. 2024లో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ఆడే చెస్) ఛాంపియన్‌షిప్‌లో మొదటి రౌండే ఓడిపోయింది. ముప్పై ఏడేళ్ల వయసు, ఇంట్లో చిన్నపిల్ల. ఇంకొకరైతే ఈసారికి ఇంతే అనుకునేవారు. పదకొండు రౌండ్లలో ఎనిమిదిన్నర పాయింట్లు చేసి, 2019 తర్వాత రెండోసారి గెలిచింది.

ఇదంతా చెప్పినా తల్లిదండ్రులు వినరు. చేరిన రెండో నెలకే "నంబర్ వన్ అవుతాడా సార్?" అంటారు. వాళ్లనని ఏం లాభం? ఫలితాలు వచ్చిన రోజు టీవీ పెడితే కార్పొరేట్ కాలేజీల వాళ్లు ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అని ఊపిరి తీసుకోకుండా అరిచే రాష్ట్రాలు మనవి. అందులో రెండు వేల ర్యాంకు వచ్చిన పిల్లాడు చక్కగా చదివినట్టు ఎవరూ చెప్పరు. 1900 రేటింగు కూడా అలాంటిదే. దాంతో నేను హాయిగా ఉన్నాను. ఆదివారం ఒక మంచి ఆట పడితే వారమంతా క్యాష్ కౌంటర్లో ఎవరు విసుక్కున్నా పట్టదు.

ఈమధ్య మా క్లాసులో డ్రా అడగడం నిషేధించాను. రాజులు రెండే మిగిలేదాకా ఆడాల్సిందే. పిల్లలు మొదట్లో తిట్టుకున్నారు, ఇప్పుడు ఇద్దరు ముగ్గురికి అదే సరదాగా ఉంది. ఒక తండ్రి మాత్రం ఫోన్ చేసి, డ్రా అయ్యే ఆటలు మావాడు ఓడిపోతున్నాడు, టోర్నమెంటులో ట్రోఫీ రాలేదు అని గొడవపడ్డారు. ఓ ఆరు నెలలు ఓడిపోనివ్వండి సార్ అన్నాను. మర్నాడే వేరే అకాడమీలో చేర్పించారట.