నల్లమల ట్రెక్‌కి బాబాయి రివాల్వర్ తీసుకెళ్లొచ్చా?

వద్దండి. రెండు రోజులు నల్లమలలో నడుస్తాం, ఎలుగుబంట్ల భయం ఉంది, బాబాయి గారి లైసెన్స్ రివాల్వర్ బ్యాగులో ఉంటే ధైర్యం అన్నారు. ఒకప్పుడు నేనూ అచ్చం ఇలాగే అనుకున్నాను.

ముందు చట్టం సంగతి. లైసెన్స్ ఆయనది. ఆయన లేకుండా రివాల్వర్ మీ దగ్గర దొరికితే ఇద్దరికీ కేసే. పోనీ ఆయనే వచ్చినా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక అనుమతి లేనిదే అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లకూడదు. ఆ చట్టం లెక్కలో కత్తి కూడా ఆయుధమే. ప్రాణం కాపాడుకోవడానికి జంతువును చంపితే నేరం కాదని 11వ సెక్షన్ అంటుంది గానీ, అప్పటికే ఆ చట్టాన్ని మీరి లోపల ఉన్నవాడికి ఆ మినహాయింపు దక్కదు.

ఇక నా అనుభవం. మా మేనమామది అచ్చంపేట దగ్గర పల్లె. పంట కాపలాకి ఆయన దగ్గర లైసెన్స్ ఉన్న డబుల్ బ్యారెల్ ఉండేది. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక జనవరి తెల్లవారుజామున ఇద్దరం చేను గట్టు మీద వెళ్తున్నాం. మలుపు తిరగ్గానే రేగు పొదల్లోంచి ఎలుగుబంటి లేచింది. పదడుగుల దూరం కూడా లేదు. తుపాకీ మామ భుజాన ఉంది, తూటాలేమో సంచిలో ఉన్నాయి. గట్ల మీద లోడ్ చేసిన తుపాకీతో ఎవరు నడుస్తారు చెప్పండి! ఆయన సంచి తడుముతున్నాడు, నేను పరిగెత్తబోయి జారి సరిగ్గా ఆయన ముందే పడ్డాను. మామ చేతికి తూటా దొరికేసరికి ఎలుగు ఎటో పోయింది. "లోడ్ జేసి ఉంటే నీకే తగుల్తుండె అల్లుడా" అని ఇప్పటికీ అంటాడు.

ధృవపు ఎలుగుబంట్లు తిరిగే నార్వే దీవులు స్వాల్‌బార్డ్‌లో ఊరు దాటితే తుపాకీ ఉంచుకోమంటారు. మంచు మైదానంలో ఆ ఎలుగు దూరం నుంచే కనిపించొచ్చు. మన ఎలుగు అలా కాదు. చెదపుట్ట తవ్వుకుంటూ తల దించి ఉంటుంది, మనం మీదిమీదికి వెళ్లేదాకా గమనించదు, ఉలిక్కిపడితే ముఖం మీదికే వస్తుంది. అందుకే నల్లమలలో మాకు దారి చూపిన చెంచు పెద్దాయన కర్ర నేలకేసి కొడుతూ, గట్టిగా మాట్లాడుతూ నడిచేవాడు. నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే వెంటనే తీయించాడు.

నిజంగా ప్రాణం మీదికి వచ్చింది మాత్రం నల్లమల లోయలో జరిగే సలేశ్వరం జాతరలో, అదీ ఎండతో. లోయలోంచి పైకెక్కుతుంటే మా ఫ్రెండ్ కళ్లు తిరిగి కూలబడ్డాడు. ఇద్దరి మధ్య ఉన్న రెండు లీటర్ల నీళ్లు ఎప్పుడో అయిపోయాయి. ఎవరో ముక్కూమొహం తెలియని అక్క ఓఆర్‌ఎస్ ఇచ్చి కూర్చోబెట్టింది. మామ తుపాకీ మూడు కిలోలు పైనే ఉండేది. అంటే మూడు లీటర్ల నీళ్లు!

కాబట్టి నీళ్లు, ఓఆర్‌ఎస్, చీలమండ దాటిన బూట్లు, టార్చి, విజిల్ పెట్టుకోండి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం చేయకండి. కాలు కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. లోపల సిగ్నల్ దొరకని చోట్లే ఎక్కువ, ఎటు వెళ్తున్నారో ఇంట్లో చెప్పి వెళ్లండి. అటవీ శాఖ అనుమతి ఉన్న దారుల్లోనే, వాళ్లిచ్చే గైడ్‌తోనే నడవండి. ఇంకోటి, శ్రీశైలం దారిలో ఉన్న మన్ననూరు అటవీ చెక్‌పోస్ట్ దగ్గర రాత్రిపూట బండ్లను వదలరు. హైదరాబాద్ నుంచి బయలుదేరేటప్పుడే ఆ టైమ్ చూసుకోండి.