దుంగ కింద తడి

చి. అమ్మలుకు,

పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోను చేసింది. విజయవాడలో అప్పుడు తెల్లవారుజామున నాలుగున్నర. రాత్రంతా నిద్ర పోలేదట. "అక్కా, అది ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి సముద్రం పక్కన టెంటులో పడుకుంటుందట, నువ్వైనా ఆపు" అంది. ఆపనని చెప్పాను. చెప్పాక నాకూ నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా" అని వేరే మాటలోకి వెళ్లిపోతావు. కాగితం మీద ఉంటే ఇంకోసారి చదువుతావు.

నువ్వు వెళ్లేది ఒరెగాన్ తీరంలోని వాష్‌బర్న్ పార్కుకని విన్నప్పుడు నా గుండె ఒకసారి ఆగి కొట్టుకుంది. కారణం ముందుకు వెళితే నీకే తెలుస్తుంది. ఎంపిక మాత్రం చాలా మంచిది. ఫ్లోరెన్స్‌కు ఉత్తరాన 14 మైళ్లలో, 101 హైవేకి ఇటువైపు అడవి, అటువైపు సముద్రం. జనం కానన్ బీచ్‌కి, న్యూపోర్ట్‌కి పోతారు కాబట్టి ఇక్కడ రాత్రిళ్లు నిజంగా నిశ్శబ్దంగా ఉంటుంది. దక్షిణంగా 3 మైళ్లు నడిస్తే హెసెటా హెడ్ లైట్‌హౌస్. 1894 నుంచి వెలుగుతోంది. ఆ దారిలో ఎల్క్ అనే పెద్ద దుప్పుల మందలు కనిపిస్తాయి, వాటికి దూరంగా ఉండండి. వాన పడితే కాలిబాట మీదికి గోధుమ రంగు న్యూట్‌లు వస్తాయి. బల్లిలా ఉంటాయి, పొట్ట నారింజ రంగు. ముద్దుగా ఉన్నాయని చేతిలోకి తీసుకోకు, వాటి చర్మంలో విషం ఉంటుంది.

మామూలు సంగతులు త్వరగా చెబుతాను. సాయంత్రం నాలుగు గంటలకు స్థలం ఇస్తారు. అక్టోబరులో ఆరున్నర దాటితే వెలుగు తగ్గిపోతుంది కాబట్టి టెంటు వేయడం ముందు, ఫోటోలు తరువాత. రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా మాట కూడా మెల్లగానే. పడుకునే ముందు తిండి అంతా కారులో పెట్టేయాలి. రకూన్లనే అడవి జంతువులు జిప్పులు తీయగలవు. ఒకసారి గిన్నెడు పులిహోర తినేసి గిన్నె బోర్లించి పోయాయి.

పొయ్యి కట్టెలు హిల్స్‌బరో నుంచి మోసుకుపోవద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. మీ పక్క ఊరు ఫారెస్ట్ గ్రోవ్‌లోనే 2022లో ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు బయటపడింది. యాష్ చెట్టు బెరడు కింద చేరి చెట్టునే చంపేస్తుంది. అది కట్టెల్లో దాక్కుని ఊళ్లు దాటుతుంది. కట్టెలు అక్కడికి వెళ్లాకే కొనుక్కోండి.

ఇంకొకటి, బట్టలు. మొన్న దీపావళి షాపింగుకు వచ్చినప్పుడు నువ్వు వేసుకున్న ఆ నూలు స్వెటరుతో వెళితే మాత్రం నేను ఊరుకోను. ఆ తీరంలో వాన పైనుంచే పడదు, పొగమంచులా పక్కల నుంచి కూడా వస్తుంది. నూలు ఒకసారి తడిస్తే రెండు రోజులైనా ఆరదు. ఉన్ని వేసుకో, మీద రెయిన్ కోటు. కింద పరుచుకునే మెత్త మంచిది కొను. చలి ఎక్కువగా నేల నుంచే ఎక్కుతుంది. డబ్బు చాలకపోతే అడుగు, మొహమాటపడకు.

ఇప్పుడు అసలు మాట.

2001 మార్చి. మీ అన్నయ్యకు ఆరేళ్లు. నాలుగు రోజులు ముసురు పట్టి ఆ శనివారం తెరిపి ఇచ్చింది. ఆకాశంలో మబ్బు తునక లేదు, ఆకు కదిలే గాలి లేదు. నేను ఈ దేశానికి వచ్చిన ఎనిమిదేళ్లలో సముద్రం దగ్గర రాత్రి గడపడానికి ఒప్పుకున్నది అదే మొదటిసారి. వెళ్లింది ఇదే వాష్‌బర్న్‌కు.

అన్నేళ్లు ఎందుకు ఒప్పుకోలేదో నీకు కొంత తెలుసు. 1977 నవంబరు 19న మీ అమ్మకు నాలుగేళ్లు, ఏమీ గుర్తు లేదంటుంది. నాకు పదకొండు. ముందు రోజు నుంచీ గాలి. ఆ రోజు ఆకాశం నల్లబడి, తాటిచెట్లు నేలకు వంగి, పక్కవాళ్ల మాట కూడా వినబడనంత హోరు. సాయంత్రానికి ఉప్పెన వచ్చింది. నాన్న మమ్మల్ని పక్కింటి డాబా మీదికి ఎక్కించారు. గేదెల పలుపులు విప్పి వస్తానని వెళ్లిన తాతయ్య తిరిగి రాలేదు. దివిసీమలో, చుట్టుపక్కల కలిపి 10,000 మందికి పైగా పోయారు. మా నాగాయలంక వైపు తెల్లవారాక చూసిన నీళ్లను నేను ఏ రోజూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, నీకూ చెప్పను.

అయితే ఆ పదకొండేళ్ల పిల్ల అప్పుడే మనసులో ఒక లెక్క కట్టుకుంది. సముద్రం కొట్టే ముందు చెబుతుంది. గాలితో, మబ్బుతో, హోరుతో చెబుతుంది. అది చెప్పనంతవరకు భయం లేదు. ఇరవై మూడేళ్లు ఆ లెక్కనే నమ్మాను. అందుకే ఆ శనివారం ఎండ చూసి నా భయమంతా జారిపోయింది. ఉప్పెనను చూసిన దాన్ని, ఈ కెరటాలు నన్నేం చేస్తాయనుకున్నాను. ఆ గర్వమే నా తప్పు.

ఒడ్డున ఒక పెద్ద దుంగ పడి ఉంది. మన వైపు తీరంలో అలాంటివి ఉండవు. ఇక్కడ అడవుల నుంచి నదులు మోసుకొచ్చి సముద్రంలో వదిలితే, కెరటాలు తెచ్చి ఒడ్డున పడేస్తాయి. నలుగురు చేతులు కలిపినా చుట్టుకు అందని దుంగ. కొండలా కదలకుండా ఉంది. మీ పెదనాన్న కెమెరా తీశారు. నేను బాబును ఎత్తి దాని మీద కూర్చోబెట్టి, పక్కన నిలబడ్డాను. సముద్రం మా వెనక. దుంగ కింద ఇసుక తడిగా ఉంది. నేను చూశాను, అమ్మలూ. చెప్పుకు అంటిన ఆ తడి ఇసుకను దులుపుకున్నాను కూడా. పొద్దున కెరటం ఇక్కడిదాకా వచ్చి వెళ్లిందని ఆ తడి చెబుతూనే ఉంది. నాకు అర్థం కాలేదు.

మీ పెదనాన్న ముఖం మారడం చూశాను. ఆయన అరిచేలోపే నీళ్లు వచ్చేశాయి. పెద్ద కెరటం కాదు. నా మోకాళ్లు దాటలేదు. కానీ ఆ కొండంత దుంగ బెండు ముక్కలా తేలింది. బాబు ఒడ్డు వైపు పడ్డాడు, దుంగ వాడి మీదికే దొర్లుతోంది. కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన ఎక్కడి నుంచి వచ్చాడో, వాడి కోటు మెడ పట్టుకుని లాగేశాడు. దుంగ నా పాదం మీదికి ఎక్కి ఆగింది. ఎముకలు రెండు చోట్ల విరిగాయి. నీళ్లు ఎంత చప్పుడు లేకుండా వచ్చాయో అంత చప్పుడు లేకుండా వెనక్కి వెళ్లాయి. ఎండ అలాగే కాస్తోంది. బాబు ఏడవలేదు. వాడు ఆ పెద్దాయన చేయి వదలకుండా నన్ను చూస్తూ నిలబడ్డాడు. నేను ఇప్పటికీ మరిచిపోలేనిది ఆ చూపే.

తరువాత తెలుసుకున్నాను. ఇక్కడివాళ్లు వీటిని స్నీకర్ వేవ్స్ అంటారు. వేల మైళ్ల అవతల పసిఫిక్ నడిమధ్యలో ఎక్కడో తుఫాను లేస్తుంది. దాని గాలి మనదాకా రాదు, మబ్బూ రాదు. కెరటాలు మాత్రం వస్తాయి. పది ఇరవై నిమిషాలు సముద్రం చిన్న చిన్న కెరటాలతో ఆడుకుంటున్నట్టు ఉండి, ఉన్నట్టుండి ఒకటి ఒడ్డు మీదికి వంద అడుగులు దాటి పాకుతుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఇవి ఎక్కువ. అంటే మీరు వెళ్లేది సరిగ్గా వాటి కాలం మొదలయ్యాక. దుంగను లేపడానికి కొద్ది అంగుళాల నీరు చాలు. నీళ్లలో పడితే ఈదవచ్చులే అనుకోకు, పది పన్నెండు డిగ్రీల చలి నీళ్లు, ఊపిరి బిగుసుకుపోతుంది. ఆ ఒడ్డున లైఫ్‌గార్డులూ ఉండరు.

కాబట్టి ఒడ్డుకు చేరగానే ఇరవై నిమిషాలు ఎత్తు మీద నిలబడి ఊరికే చూడండి. కెరటం ఎక్కడిదాకా వస్తోందో, తడి గీత ఎక్కడుందో చూశాకే దిగండి. ఆటుపోట్ల పట్టిక చూసుకుని పోటు వచ్చే వేళకు వెనక్కి వచ్చేయండి. ఏ దుంగ మీదా కూర్చోవద్దు. సముద్రానికి వీపు తిప్పవద్దు. ఫోటో దిగాలంటే ముగ్గురిలో ఒకరు నీళ్లనే చూస్తూ ఉండాలి. నేను ఇప్పటికీ ఒడ్డున పక్కకు తిరిగే నిలబడతాను. మీ అన్నయ్య పెళ్లి తరువాత న్యూపోర్ట్‌లో దిగిన ఫోటో చూడు, అందరూ ఎదురుగా ఉంటారు, నేను ఒక్కదాన్నే పక్కకు.

రాత్రి సంగతి కూడా చెప్పాలి. 1964 మార్చిలో గుడ్ ఫ్రైడే రోజు అలాస్కాలో భూకంపం వచ్చింది. ఆ రాత్రి సునామీ ఒరెగాన్ దాకా వచ్చి, న్యూపోర్ట్‌కు ఉత్తరాన బెవర్లీ బీచ్‌లో, ఒడ్డునే పడుకున్న ఒక కుటుంబంలో నలుగురు పిల్లలను తీసుకుపోయింది. ఇసుక మీద పడుకుంటే బాగుంటుందని మీలో ఎవరికైనా అనిపిస్తే ఆ నలుగురిని తలుచుకోండి. టెంటు వేసే చోటే పడుకోండి.

ఈ తీరం కిందే పెద్ద భూకంపం కూడా రావచ్చు. కడపటిది 1700 జనవరి 26న వచ్చింది. అలాంటిది వస్తే నిమిషాల తరబడి నేల ఊగుతుంది, పావుగంట ఇరవై నిమిషాల్లో నీళ్లు వస్తాయి. ఆ ఊపే హెచ్చరిక. సైరన్ కోసం ఎదురుచూడకుండా, కారు తాళాలు వెతుక్కోకుండా కొండ వైపు నడిచేయాలి. అందుకే వెళ్లిన సాయంత్రమే, వెలుగు ఉండగా, ఎత్తుకు పోయే దారి ఏదో ముగ్గురూ కాళ్లతో నడిచి చూసుకోండి. బూట్లు తల దగ్గర, టార్చి బూటులో. మీ స్నేహితురాళ్లు నవ్వితే నవ్వనీ. నువ్వు దివిసీమ పిల్లవని చెప్పు.

ఇన్ని చెప్పి నిన్ను భయపెట్టానేమో. అది నా ఉద్దేశం కాదు తల్లీ. కాలు బాగయ్యాక మళ్లీ వెళ్లాను, మీ పెదనాన్న వద్దన్నా వెళ్లాను. ఎన్నిసార్లో లెక్క లేదు. టెంటులో పడుకుని, స్ప్రూస్ చెట్ల అవతల నుంచి వచ్చే ఆ హోరు వింటూ నిద్రపోవడం నాకు నలభై ఏళ్లు దగ్గర పడ్డాక వచ్చింది. నీకు ఇరవై నాలుగేళ్లకే వస్తోంది. మీ ముత్తాతను తీసుకున్న సముద్రం పక్కన కాకపోయినా, ఒక సముద్రం పక్కన ఆయన మునిమనవరాలు హాయిగా నిద్రపోతుందంటే, నిన్న మీ అమ్మ ఏడుస్తుంటే నాకు లోపల సంతోషంగానే ఉంది. ఆమెతో అనలేకపోయాను.

ఇంకొక సంగతి. నా పాదం విరిగింది ఎలాగో మీ అమ్మకు తెలియదు. మెట్ల మీద జారానని చెప్పాను. తెలిస్తే నన్ను మళ్లీ సముద్రం వైపు పోనివ్వదని అప్పట్లో అబద్ధమాడాను. నువ్వు తిరిగి వచ్చాక నేనే చెబుతాను, అప్పటిదాకా నీ దగ్గరే ఉంచు.

గురువారం సాయంత్రం ఇటు రా. మా పెద్ద టార్పాలిన్, మీ అన్నయ్య ఈల, రెండు మంచి టార్చిలు తీసి పెట్టాను. పులిహోర కలిపి ఇస్తాను, మూడు రోజులు ఆగుతుంది. అక్కడ ఫోను సరిగా పనిచేయదు. ఆదివారం తిరిగి వస్తూ ఫ్లోరెన్స్ చేరగానే ముందు మీ అమ్మకు చెయ్యి, తరువాత నాకు.

మీ పెద్దమ్మ