ఎడమ చేత్తో పిస్టల్ పట్టొచ్చా?

ప్రశ్న: చెన్నైలో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ప్రాక్టీస్ చేస్తున్నాను. బైక్ మీంచి పడి కుడి మణికట్టు విరిగింది, బరువు ఎత్తొద్దన్నారు. ఎడమ చేత్తో మొదలుపెట్టనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: డాక్టర్ సరేనంటే మొదలుపెట్టండి. హంగేరీ షూటర్ కారోలీ టకాచ్‌కి 1938లో గ్రెనేడ్ పేలి కుడి చెయ్యి దెబ్బతింటే, ఎడమ చేత్తో నేర్చుకుని 1948, 1952 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచాడు. ముందు పిస్టల్‌కి ఎడమచేతి గ్రిప్ (పిడి) తెప్పించుకోండి, కుడిచేతిది ఎంత సర్దినా కుదరదు. లోపల పెల్లెట్ (చిన్న గుండు) లేదని ప్రతిసారీ చూసుకుని, కొన్ని వారాలు ఖాళీ గోడవైపు ట్రిగ్గర్ నొక్కడం మాత్రమే సాధన చేయండి, ఎందుకంటే కొత్త చేత్తో గురికంటే ముందు గాడి తప్పేది ట్రిగ్గర్ నొక్కే వేలే. గురి చూడ్డానికి మీకు సహజంగా ముందుండేది కుడి కన్నైతే (చాలామంది ఇది చూసుకోరు) తల కాస్త తిప్పి దాంతోనే గురి చూడొచ్చు. భుజం నొప్పెడితే ఆ రోజుకి ఆపేయండి.