పులస గెలిచిందా, రొయ్య గెలిచిందా?

కిందటి సంచికలో కలకత్తా ఫుట్‌బాల్ గురించి నేను రాసిన నాలుగు ముక్కలకి ఉత్తరాలు బాగానే వచ్చాయి. సగం ఉత్తరాల్లో ఒకటే మాట: "ఆట సరే, ఆ కొట్లాటల సంగతి ఎందుకు దాటేశారు?" అని. అందుకే ఈసారి జవాబులన్నీ వాటి మీదే. నేను పుట్టింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో, ఉద్యోగం చేసింది కలకత్తా గార్డెన్ రీచ్ రైల్వే ఆఫీసులో. ఈస్ట్ బెంగాల్ అభిమానిని, ముందే చెప్పేస్తున్నాను. తూకం కాస్త అటు మొగ్గితే సర్దుకోండి.

మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ రెండూ ఒకే ఊరి క్లబ్బులు కదండీ. అభిమానుల మధ్య అంత పగ ఎందుకు?
– పాఠకురాలు, తణుకు

ఒకే ఊరేమిటమ్మా, ఒక్కోచోట ఒకే ఇల్లు. మోహన్ బగాన్ 1889లో పుట్టింది. 1911లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే తెల్లవాళ్ల జట్టుని 2-1తో ఓడించి, బెంగాల్ ఫుట్‌బాల్‌ని నడిపే సంఘం ఐఎఫ్ఏ పెట్టే షీల్డు గెలిచింది. ఆ రోజు జట్టులో బూట్లు వేసుకున్నది ఒక్కడే, మిగతా పదిమందీ ఉత్త కాళ్లతో ఆడారు. అప్పటినుంచి అది దేశం మొత్తానికీ ముద్దుబిడ్డ. ఈస్ట్ బెంగాల్ 1920లో వచ్చింది. తూర్పు వైపు నుంచి వచ్చిన ఆటగాణ్ని జట్టులోంచి పక్కనపెట్టారన్న కోపంతో పెట్టిన క్లబ్బు అది. దేశ విభజన అయ్యాక లక్షల మంది ఇల్లూ పొలమూ వదిలేసి కలకత్తా చేరారు. వాళ్లు పోగొట్టుకున్న నేల పేరు ఈ క్లబ్బు మెడలో ఉంది. ఇంకేం కావాలి? అటువాళ్లు 'బాంగాల్', ఇటు పాతకాపులు 'ఘోటి'. బాంగాల్‌కి ఇలిష్ చేప, అంటే మన గోదారి పులసే. ఘోటికి చింగ్డీ, అంటే రొయ్య. ఎవరు గెలిస్తే మర్నాడు వాళ్ల చేపకి బజార్లో రేటు పెరుగుతుంది.

మా సెక్షన్‌లో బొడొబాబు, అంటే హెడ్‌క్లర్కు, ఢాకా వైపు మనిషి. ఆయన భార్యది కలకత్తా ఘోటి ఇల్లు. ఈస్ట్ బెంగాల్ ఓడిన మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి మేమందరం ఏదో ఫైలు మిషతో ఆయన టేబుల్ చుట్టూ చేరేవాళ్లం. ఆయన టిఫిన్ క్యారేజీ పైగిన్నె తీసేవాడు, అన్నం. రెండోది తీసేవాడు, పప్పు. మూడోది తీసేముందు మా మొహాలు చూసేవాడు. అందులో కొబ్బరిపాలలో ఉడికించిన పెద్ద పెద్ద రొయ్యలు, మీసాలతో సహా. ఆవిడ పంపిన సందేశం అదన్నమాట. ఆయన ఒక్క మాట మాట్లాడకుండా మూత పెట్టేసి క్యాంటీన్‌కి నడిచేవాడు. ఆ రొయ్యలు మేం తినేవాళ్లం. నిజం చెప్పాలంటే ఈస్ట్ బెంగాల్ ఓడిపోయినా నాకు పెద్ద నష్టం ఉండేది కాదు.

వీళ్లూ ఇంగ్లండ్ హూలిగాన్లలాంటి వాళ్లేనా?
– పాఠకుడు, హైదరాబాద్

కాదు. ఇంగ్లండ్‌లో 1970లు, 80లలో ఒక్కో క్లబ్బుకీ వెనక పేరున్న ముఠాలుండేవి. వెస్ట్ హామ్ క్లబ్బు ముఠా అయితే ఇంటర్‌సిటీ రైళ్లలో ప్రయాణించి, ఆ రైలు పేరే పెట్టుకుంది. టిప్‌టాప్‌గా బట్టలు వేసుకుని వెళ్లి, కొట్టినవాడి దగ్గర విజిటింగ్ కార్డు పెట్టి వచ్చేవాళ్లు. వాళ్లలో చాలామందికి ఆట ఒక వంక. 1985 మే 29న బ్రస్సెల్స్‌లోని హైసెల్ స్టేడియంలో లివర్‌పూల్ అభిమానులు అవతలివాళ్ల మీదికి దూకినప్పుడు 39 మంది పోయారు, ఎక్కువమంది ఇటలీవాళ్లే. ఆ దెబ్బకి ఇంగ్లిష్ క్లబ్బులన్నిటినీ యూరప్ పోటీల నుంచి ఐదేళ్లు వెలివేశారు.

కలకత్తాలో అలాంటి ముఠాలు లేవు, కార్డులూ లేవు. పొద్దున కూరగాయల సంచీ పట్టుకుని బేరమాడినవాడే మధ్యాహ్నం ఇటుకముక్క పట్టుకుంటాడు. అది ఇంకా మంచిదని అనడం లేదు. కోపం వచ్చినంత వేగంగానూ పోతుంది, కానీ మధ్యలో తగిలినవాడి తల పగిలే ఉంటుంది కదా.

చోటు కూడా అలాంటిదే. కలకత్తా నడిబొడ్డున మైదాన్ అనే పెద్ద బయలు ఉంది. అక్కడ మూడు పెద్ద క్లబ్బుల (ఈ రెండూ, మహమ్మడన్ స్పోర్టింగూ) గ్రౌండ్లూ పక్కపక్కనే ఉంటాయి. నేల సైన్యానిది. అందుకని పక్కా కట్టడాలు కట్టనిచ్చేవాళ్లు కాదు, అన్నీ చెక్క గ్యాలరీలే. టికెట్ దొరకనివాళ్లు ఫోర్ట్ విలియం వైపు మట్టిగట్టు ఎక్కేవాళ్లు. ముందువాడి తల అడ్డమొస్తే అట్టముక్కలతో, అద్దం ముక్కలతో చేసిన పెరిస్కోపు అద్దెకి దొరికేది. క్యూ వంకర తిరిగితే గుర్రం మీద పోలీసు వచ్చేవాడు. గుర్రం తోక మొహానికి కొట్టుకుంటుంటే లైన్లో నిలబడ్డవాడికి ఆటకి ముందే సగం కోపం వచ్చి ఉండేది. గెలిస్తే పేపర్లు చుట్టి కాగడాలు వెలిగించేవాళ్లు. చెక్క గ్యాలరీలో కాగడాలు! ఇప్పుడు తలుచుకుంటే వణుకు పుడుతుంది.

1980 ఆగస్టు 16న ఏం జరిగింది? మీరు చూశారా?
– పాఠకుడు, శ్రీకాకుళం

ఉన్నాను. చూశానా అంటే, సగమే చూశాను.

అది కలకత్తా లీగ్ మ్యాచ్. మైదాన్ గ్రౌండ్లు చాలవని ఈడెన్ గార్డెన్స్‌లో పెట్టారు. నేనూ, మెస్‌లో నా గదిలో ఉండే కుర్రాడూ టికెట్లు విడివిడిగా సంపాదించాం. ఇద్దరికీ ఎదురెదురు స్టాండ్లు పడ్డాయి. అప్పట్లో ఈ జట్టువాళ్లకి ఈ వైపు, ఆ జట్టువాళ్లకి ఆ వైపు అని లేదు. టికెట్ ఎక్కడ దొరికితే అక్కడ, ఎర్రజెండావాడి పక్కన ఆకుపచ్చ జెండావాడు.

మోహన్ బగాన్ వింగర్ బిదేశ్ బోస్‌ని ఈస్ట్ బెంగాల్ డిఫెండర్ దిలీప్ పాలిత్ మొదటినుంచీ వదలకుండా కాళ్ల మీద కొడుతున్నాడు. మావాడే, అయినా చెప్తున్నాను, అది ఆట కాదు. రెండో సగంలో బిదేశ్‌కి ఒళ్లు మండి తిరిగి తన్నాడు. రెఫరీ రెడ్ కార్డు చూపించాడు. అంతే, ఎదురుగా ఉన్న స్టాండ్ మీద గాలి మారింది. మొదట చెప్పులు ఎగిరాయి. తర్వాత రాళ్లు. ఆ తర్వాత మనుషులు కదలడం మొదలైంది. కల్లంలో ధాన్యం కుప్ప ఒక పక్కకి జారినట్టు, స్టాండ్‌లో ఒక మూల జనమంతా మెట్లకేసి జారారు. ఇవతల ఉన్న మాకు అది మామూలు గొడవలాగే కనపడింది. నేను ఈలలు కూడా వేశాను. ఈ ముక్క రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు.

ఇరుకు మెట్లు, ఇరుకు గేట్లు. పైనుంచి తోసుకొచ్చేవాళ్లకి కింద పడ్డవాళ్లు కనపడరు. పదహారు మంది చనిపోయారు, దాదాపు అందరూ కుర్రాళ్లే. మాకా సంగతి రాత్రి మెస్‌లో రేడియో చెబితే తెలిసింది.

నా గదివాడు పది దాటాక వచ్చాడు. చొక్కాకి ఒక చెయ్యి లేదు. చేతిలో ఎవరిదో గొడుగు. మెట్ల మీద పక్కనున్న కుర్రాడు "కాస్త పట్టుకో దాదా" అని ఇచ్చి, చెప్పు సరిచేసుకోవడానికి వంగాడట. మళ్లీ కనిపించలేదట. మర్నాడు పేపర్లో చనిపోయినవాళ్ల పేర్లు పడ్డాయి. ఆ కుర్రాడి పేరు మావాడికి తెలియదు. అందుకని ఆ పదహారు పేర్లూ ఎన్నిసార్లు చదివినా తేలలేదు. ఆ గొడుగు మా గదిలో మేకుకి రెండేళ్లు వేలాడింది. ఎంత వానొచ్చినా ఎవరం తీయలేదు.

తప్పెవరిది అంటే, తన్నినవాడిది అనీ, రెఫరీది అనీ ఆ రోజుల్లో టీకొట్ల దగ్గర చాలా వాదనలు నడిచాయి. నన్నడిగితే, రెండు జట్లవాళ్లని కలిపి ఒకే స్టాండ్‌లో కూర్చోబెట్టి చాలినంతమంది పోలీసులని పెట్టనివాళ్లది సగం, మొదటి రాయి విసిరినవాడిది సగం. ఏటా ఆగస్టు 16న ఐఎఫ్ఏ 'ఫుట్‌బాల్ ప్రేమికుల దినం' అని రక్తదాన శిబిరం పెడుతుంది. మేమిద్దరం రక్తం తీసుకోవడానికి ఒప్పుకునే వయసు దాటేదాకా వెళ్లాం.

ఓడిపోతే సొంత ఆటగాళ్ల మీదే పడతారటగా?
– పాఠకుడు, గుంటూరు

పడతారు. 1975 సెప్టెంబరు 30న షీల్డు ఫైనల్‌లో మోహన్ బగాన్ మా చేతిలో 0-5తో ఓడిపోయింది. ఆ రాత్రి కొందరు ఆటగాళ్లు ఇంటికెళ్లే ధైర్యం లేక గంగలో పడవ మీద తలదాచుకున్నారని మైదాన్‌లో ఎవర్నడిగినా చెప్తారు. ఒక అభిమాని ప్రాణం తీసుకున్నాడు కూడా. ఆ రోజు మేం పంచుకున్న మిఠాయి గుర్తొస్తే ఇప్పుడు చేదుగానే ఉంటుంది.

2012 డిసెంబరు 9న ఇంకోటి. సాల్ట్ లేక్ స్టేడియంలో మోహన్ బగాన్ ఆటగాడు రహీం నబీకి గ్యాలరీ నుంచి వచ్చిన రాయి మొహానికి తగిలి గాయమైంది. ఆ జట్టు రెండో సగం ఆడబోమని వెళ్లిపోయింది. వెళ్లిపోయినందుకు రెండేళ్లు నిషేధించారు, తర్వాత దాన్ని 2 కోట్ల జరిమానాగా మార్చారు. రాయి తగిలినవాడిదే జట్టు, కట్టింది కూడా వాళ్లే!

మన హైదరాబాదీలు అక్కడ ఆడేవాళ్లు కదా. బయటివాళ్లని వాళ్ల మీద దాడులు జరిగేవా?
– పాఠకుడు, నిజామాబాద్

బయటివాళ్లవడమే వాళ్లకి కొంత రక్ష. మహమ్మద్ హబీబ్‌నే తీసుకోండి. ఘోటీ కాదు, బాంగాలూ కాదు, అచ్చమైన హైదరాబాదీ. ఈస్ట్ బెంగాల్‌కీ ఆడాడు, మోహన్ బగాన్‌కీ ఆడాడు, మహమ్మడన్ స్పోర్టింగ్‌కీ ఆడాడు. అందరూ 'బడే మియా' అనే పిలిచారు. 1977లో పీలే తన కాస్మోస్ జట్టుతో ఈడెన్‌కి వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2తో నిలిచింది, అందులో ఒక గోలు హబీబ్‌ది. ఆ రోజు నేను నోరు మూసుకుని చప్పట్లు కొట్టాను. ఆయన 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో పోయాడు.

అంతకుముందు, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, ఈస్ట్ బెంగాల్ ముందువరసలో ఐదుగురు దక్షిణాదివాళ్లు ఆడేవాళ్లు. బెంగాలీలు వాళ్లని 'పంచపాండవులు' అన్నారు. అహ్మద్ ఖాన్, వెంకటేశ్, ధన్‌రాజ్, సాలే, అప్పారావు. ఆ చివరి పేరు వినడమే ఆలస్యం, మా ఖరగ్‌పూర్ క్వార్టర్స్‌లో తెలుగు పెద్దలందరూ మారుమాట లేకుండా ఈస్ట్ బెంగాల్ అయిపోయారు. మా నాన్న ఆయన ఆట ఒక్కసారీ చూడలేదు. చూసినట్టే చెప్పేవాడు.

మా అబ్బాయి కలకత్తాలో చదువుతున్నాడు. డెర్బీకి, అంటే ఈ రెండు జట్ల మ్యాచ్‌కి వెళ్తానంటున్నాడు. మాకు టెన్షన్‌గా ఉంది. పంపొచ్చా?
– తల్లి, రాజమండ్రి

పంపండమ్మా. ఇప్పుడు రెండు జట్లవాళ్లకీ స్టాండ్లు వేరు, గేట్లు వేరు. 1997 జులైలో సాల్ట్ లేక్‌లో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కి 1,31,000 మందికి పైగా వచ్చారు. బైచుంగ్ భూటియా మూడు గోల్స్ కొట్టాడు, మేం 4-1తో గెలిచాం, అంత జనంలోంచి నేను క్షేమంగా ఇల్లు చేరాను. చొక్కా రంగు మాత్రం చూసుకోమనండి. ఎరుపు-పసుపు అయితే ఈస్ట్ బెంగాల్, ఆకుపచ్చ-మెరూన్ అయితే మోహన్ బగాన్. వేరే స్టాండ్‌లో కూర్చుని తప్పు రంగు వేసుకుంటే కొట్టరు గానీ, తిట్లకి బెంగాలీ బాగా నేర్చుకుంటాడు.

మావాళ్లని అటువాళ్లు 'కాంటాతార్' అంటారు, అంటే ముళ్లకంచె, సరిహద్దు దాటి వచ్చారని. పౌరసత్వ కాగితాల గొడవ నడుస్తున్నప్పుడు, 2020 జనవరి డెర్బీలో మావాళ్లు పెద్ద బ్యానర్ కట్టారు: ఈ నేల రక్తంతో కొన్నది, కాగితంతో కాదు అని. అరవై ఏళ్లు రాళ్లు విసిరినా చెప్పలేని మాట ఆ గుడ్డముక్క చెప్పింది.

2024 ఆగస్టు 18న డ్యూరాండ్ కప్ డెర్బీ జరగాలి. ఆర్జీ కర్ ఆస్పత్రిలో యువ డాక్టరు హత్య మీద ఊరంతా మండుతోంది, భద్రత కుదరదని మ్యాచ్ రద్దు చేశారు. మ్యాచ్ లేకపోయినా రెండు జట్లవాళ్లూ, మహమ్మడన్ వాళ్లూ వచ్చారు. స్టేడియం బయట, ఒకరి భుజాల మీద ఒకరెక్కి, న్యాయం కావాలని అరిచారు. లాఠీలు కలిసే తిన్నారు. నేను టీవీలో చూస్తూ మా ఆవిణ్ని పిలిచాను. ఆకుపచ్చ చొక్కావాడి భుజం మీద ఎర్ర చొక్కావాడు! బొడొబాబు ఉంటే నమ్మేవాడు కాదు.

మీరెప్పుడైనా ఏమన్నా విసిరారా? నిజం చెప్పండి.
– పాఠకుడు, విశాఖపట్నం

విసిరాను. 1978లో, మైదాన్ గ్రౌండ్‌లో. ఆఫ్‌సైడ్ ఇచ్చాడన్న కోపంతో చేతిలో ఉన్న మట్టి టీకప్పు లైన్స్‌మన్ మీదికి విసిరాను. నాలుగు వరసల కింద పల్లీలమ్ముకునే కుర్రాడి నుదుటికి తగిలింది. చుట్టుపక్కలవాళ్లు భలే గురి అని నవ్వారు. వాడు నుదురు తడుముకుని, వేళ్లకంటిన రక్తం చూసుకుని, ముందు బుట్టలో పొట్లాలు లెక్కపెట్టుకున్నాడు. కిందకి దిగి వెళ్లాను. నేనే విసిరానని వాడికి తెలుసు. "ఆమియో ఈస్ట్ బెంగాల్, దాదా" అన్నాడు, నేనూ ఈస్ట్ బెంగాలే అని.

మిగిలిన పొట్లాలన్నీ కొనేశాను. మొత్తం పదకొండు. ఖరగ్‌పూర్ లోకల్‌లో తింటూ వెళ్లాను, ఇంటికెళ్లాకా నాలుగు రోజులు తిన్నాను. ఆ మ్యాచ్‌లో ఎవరు గెలిచారో గుర్తులేదు.