మన దగ్గర పత్తి తక్కువ పండినా ధర ఎందుకు పెరగదు?

మహారాష్ట్రలోని చంద్రపూర్, యవత్మాల్ జిల్లాల్లో దిగుబడి పడిపోయినా పత్తి ధర పెరగకపోవడానికి కారణం, ఆ ధర ప్రపంచం మొత్తం మీద ఉన్న దూది నిల్వలను, మిల్లుల గిరాకీని బట్టి నడవడమే.

రాజురాలోనో పాండర్‌కవడలోనో అమ్మిన పత్తి జిన్నింగ్‌లో దూది, గింజలుగా విడిపోతుంది. క్వింటాలుకు దూది సుమారు 33 నుంచి 35 కిలోలే వస్తుంది. దాన్ని కొనే నూలు మిల్లు బ్రెజిల్, అమెరికా దూది ఎంతకు దొరుకుతుందో కూడా చూస్తుంది. బయటి సరుకు చౌకగా దిగితే ఇక్కడ ఎక్కువ పెట్టదు. డాలరు విలువ, ఓడ కిరాయి, దూదికి బదులు వాడే పాలిస్టర్ ధర అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. దిగుమతి సుంకం మరీ ముఖ్యం. 2021లో వేసిన 11 శాతం సుంకాన్ని కేంద్రం 2025 ఆగస్టులో ఎత్తేసి, డిసెంబరు దాకా ఆ మినహాయింపు కొనసాగించింది. కొత్త పత్తి బజారుకు వచ్చే నెలలు సరిగ్గా అవే, రైతుకు అది నిజంగా అన్యాయం.

ఉదాహరణకు, 2022 మేలో న్యూయార్క్ ఎక్స్ఛేంజ్‌లో దూది పౌండు 150 సెంట్లు దాటినప్పుడు మన యార్డుల్లోనూ క్వింటాలు పత్తి 10 వేలు దాటింది. ఆ ఏడాది చివరికి అక్కడ 100 సెంట్ల లోపుకు పడిపోయింది, ఇక్కడా ధర దిగింది.

మద్దతు ధర ఉంది కదా, అంతకన్నా తక్కువకు ఎవరూ కొనకూడదు కదా అని చాలామంది అనుకుంటారు. అది ప్రైవేటు వ్యాపారిని కట్టడి చేయదు. ఆ ధరకు కొనేది ప్రభుత్వం తరఫున భారత పత్తి సంస్థ (సీసీఐ). అదీ తేమ 8 శాతం మించకపోతేనే పూర్తి ధర, 12 దాటితే అసలు తీసుకోదు.