మారియోను గీసినాయన ఏం చదివారు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. నోట్‌బుక్కుల నిండా గేమ్ బొమ్మలే. వీడియో గేముల్లోని మీసాల మారియోను గీసినాయనలా అవుతానంటోంది. కంప్యూటర్ సైన్స్ చదవకుండా ఆ రంగంలో నిలబడగలదా? బొమ్మలు మాన్పించమంటారా? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: దయచేసి మాన్పించకండి. ఆ మారియో మనిషి షిగెరు మియమొతో చదివింది కోడింగ్ కాదు, జపాన్‌లోని కనజవాలో ఇండస్ట్రియల్ డిజైన్. వాళ్ల నాన్నగారే తెలిసినవాళ్ల ద్వారా గేమ్ కంపెనీ నింటెండో అధ్యక్షుడిని కలిసే ఏర్పాటు చేశారు. ఏం చేయగలవో చూపించమంటే, పిల్లల బట్టలు తగిలించుకోవడానికి జంతువుల ఆకారంలో తాను చేసిన చెక్క హ్యాంగర్లు చూపించారు. 1977లో ఉద్యోగంలో చేరారు.

మారియో మొదట కనిపించింది 1981లో వచ్చిన డాంకీ కాంగ్ గేమ్‌లో. దానికి కోడ్ రాసింది వేరే కంపెనీ ఇంజినీర్లు. మారియో బొమ్మకు మియమొతో చేతిలో ఉన్నది తెరమీద అడ్డం 16, నిలువు 16 చుక్కలు పట్టే చోటు. అందులో నోరు గీస్తే కనపడదు, కాబట్టి పెద్ద ముక్కు, దాని కింద మీసం. గెంతినప్పుడు జుట్టు కదలిక చూపించడం కష్టం, కాబట్టి టోపీ. చేతులు ఊగుతున్నట్టు తెలియాలంటే ఒంటి రంగు, చేతుల రంగు వేరుగా ఉండాలి, అందుకే భుజాల మీద పట్టీలుండే ప్యాంటు, ఓవరాల్స్. అప్పట్లో బొమ్మల్ని గ్రాఫ్ పేపర్ మీద గడి గడికీ రంగు నింపి తయారుచేసేవారు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లే. చోటు చాలక ఆకాశంలో మబ్బుకీ నేలమీద పొదకీ ఒకే ఆకారం వాడి రంగు మార్చారు. నామ్కో అనే మరో గేమ్ కంపెనీలో గలగా, డిగ్ డగ్ గేములకు బొమ్మలు గీసిన హిరోషి ఓనో కూడా ఇలా చుక్కలతోనే పనిచేసి 'మిస్టర్ డాట్‌మ్యాన్' అని పేరు తెచ్చుకున్నారు.

ఉన్న కాస్త చోటులో ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చుకోవడమే ఈ ఉద్యోగం. మీ అమ్మాయితో లెక్కల గ్రాఫ్ పేపర్ మీద అడ్డం 16, నిలువు 16 గడుల్లో, మూడే రంగులతో వాళ్ల నాయనమ్మను గీయించండి. ఇంట్లోవాళ్లు చూడగానే గుర్తుపడితే ఆ పేపర్ పోర్ట్‌ఫోలియోలో, అంటే తన పనుల నమూనాల ఫైలులో పెట్టవచ్చు. ఎలా ఆలోచించిందో పక్కనే రాయమనండి, ఎంపిక చేసేవాళ్లు అదీ చూస్తారు.

ఒక విషయం దాచను. 2023, 2024లో ప్రపంచమంతా గేమ్ కంపెనీలు చాలామందిని తీసేశాయి. అందుకే గేమ్ ఆర్ట్ ఒక్కటే కాకుండా యాప్ డిజైన్, యానిమేషన్‌లకూ పనికొచ్చే డిజైన్ డిగ్రీ చేయించడం మంచిదని నా అభిప్రాయం. ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ (డిజైన్ డిగ్రీ)కు యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, ఏ గ్రూపువాళ్లయినా రాయవచ్చు. ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లకు డీఏటీ అనే ప్రవేశ పరీక్ష ఉంది. హైదరాబాద్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో చిత్రకళల డిగ్రీ బీఎఫ్‌ఏ కూడా చూడండి. యూసీడ్ జరిగేది జనవరిలో, దరఖాస్తుల గడువు అంతకు ముందే అయిపోతుంది. ఇంటర్ పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకోకుండా నోటిఫికేషన్ ఈ వారమే చూడండి.