బి.ఎడ్. చేసినవారు ఎస్‌జీటీ పోస్టుకు అర్హులేనా?

కారు, ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 5 తరగతులకు బోధించే సెకండరీ గ్రేడ్ టీచర్ పోస్టుకు బి.ఎడ్. చాలదు, రెండేళ్ల డి.ఎల్.ఎడ్. (ప్రాథమిక విద్యలో డిప్లొమా) లేదా దానికి సమానమైన శిక్షణ ఉండాలి. నియామకం తర్వాత ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేయాలన్న షరతుతో 2018లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) బి.ఎడ్. వారికి ఇచ్చిన వెసులుబాటును 2023 ఆగస్టు 11 నాటి తీర్పులో సుప్రీంకోర్టు చెల్లదని తేల్చింది.

బి.ఎడ్. ప్రధానంగా పై తరగతుల్లో గణితం, సాంఘికశాస్త్రం వంటి సబ్జెక్టులు చెప్పడానికి తయారుచేస్తుంది; చిన్నపిల్లలకు చదవడం, రాయడం, లెక్కించడం మొదటినుంచి నేర్పే పద్ధతి వేరు. ఉదాహరణకు, ఒకటో తరగతి పిల్ల ‘మాల’ అని పలుకుతూనే పలక మీద ‘మల’ అని రాస్తే, దీర్ఘం ఆమె చెవికి అందలేదా, లేక చెవికి అందినా దాని గుర్తు చేతికి రాలేదా అన్నది కనిపెట్టి, అందుకు తగిన అభ్యాసం చేయించడం డి.ఎల్.ఎడ్. శిక్షణలో భాగం.

పెద్ద డిగ్రీ ఉన్నవారికి చిన్న తరగతులు సులువేనన్నది చాలామందికి ఉన్న అపోహ (కోర్టు ఒప్పుకోనిదీ ఇదే). ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) పేపర్-1లో ఉత్తీర్ణత కూడా ఈ శిక్షణకు ప్రత్యామ్నాయం కాదు. ఇంటర్మీడియట్ పూర్తిచేసినవారు డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా డి.ఎల్.ఎడ్.లో చేరవచ్చు.